రెండో భాగంలో మా అత్త

ఆ వీడియోలో నా మొహం లేదు. అదొక్కటే అదృష్టం అనుకున్నాను మొదట్లో. తెరమీద రాక్షసులు ఒకరి వెనక ఒకరు కూలుతుంటారు, తుపాకీ తాళం తప్పకుండా పేలుతుంటుంది, దాని మీద నా గొంతు. మొహం లేకపోతే ఏం లాభం? మా కాలనీలో నా గొంతు ఎరగనివాళ్లు లేరు. నేను ఇంట్లోంచి ఒక్క కేక వేస్తే కూరగాయల బండాయన వీధి మొదట్లోనే ఆగిపోతాడు.

నాకు ఆటల పిచ్చి ఎక్కడిది అంటారేమో. కంప్యూటర్ మా తమ్ముడిది. ఖతర్ పోయేటప్పుడు, చొప్పదండి దగ్గరి మా ఊళ్లో ఉంచితే ఎలుకలు వైర్లు కొరుకుతాయని తెచ్చి మా క్వార్టర్ వెనకగదిలో పెట్టాడు. "అక్కా, వారానికోసారన్న ఆన్ జెయ్యి. లేకుంటె ఖరాబైతది" అని చెప్పిపోయాడు. నేను దాన్ని తులసిచెట్టులా చూసుకున్నాను. ఆన్ చేయడం, దుమ్ము తుడవడం, ఆఫ్ చేయడం. ఒకరోజు ఫోన్లో, "ఊకె ఆన్ జేసి దాని మొకం ఏం జూస్తవ్? ఇండ్ల ఒక గేమ్ ఉంది, జర ఆడు" అన్నాడు. ఆడాను. అదే నా కొంప ముంచింది.

ఆ ఆటలో మనం నరకంలో నడుస్తుంటాం. నాలుగు వైపుల నుంచి రాక్షసులు వస్తుంటారు. వెనక పాట మోగుతుంటుంది. ఆ పాట దెబ్బ పడ్డప్పుడే తుపాకీ పేల్చాలి. ముందు పేల్చినా, వెనక పేల్చినా గుండు వృథా. తాళం తప్పకుండా పేలుస్తూ పోతే పాట పెద్దదవుతుంది, ఒక్కో వాయిద్యం వచ్చి చేరుతుంది, చివరికి పాడేవాడి గొంతు కూడా కలుస్తుంది. తప్పామా, పాట చిక్కిపోయి ఒట్టి డప్పు మిగులుతుంది. నాకు చాలా రోజులు డప్పే మిగిలింది. తమ్ముడు ఫోన్లోంచి చూసి, "నీతోని గాదక్కా, ఇడిచిపెట్టు" అన్నాడు. నాతో కాదంటే ఊరుకునే రకాన్ని కాను నేను.

అప్పుడు తట్టింది. నా చెయ్యి ఆడాలంటే నోరు ఆడాలి. చిన్నప్పుడు మా అవ్వ వెంట నాట్లకు పోయేదాన్ని. ఒకామె పాట అందుకుంటుంది, మిగతావాళ్లు ఒంగి నారు గుచ్చుతూ తిప్పి అంటారు. చెయ్యి పాటతో పాటే మట్టిలోకి దిగుతుంది, పాట ఆగితే చెయ్యి కూడా ఆగుతుంది. ఆ పాటల్లో సగం అత్తల మీద తిట్లే. పిసినారి అత్త, దొంగ అత్త, నిద్రమొహం అత్త. అప్పటికప్పుడు కట్టిన మాటలు. గట్టుమీద సొంత అత్తే కూర్చుని ఉన్నా నవ్వుతూ చాయ్ పోసేది. మడిలో అన్నమాట మడిలోనే ఉండాలి, గట్టెక్కాక ఎవరూ ఎత్తకూడదు. అది మా దగ్గర పద్ధతి.

ఇంకేం, నేనూ పాడడం మొదలుపెట్టాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మా అత్తను తిడుతూ రాక్షసులను కాల్చాను. ఒక్కో మాట చివర ఒక్కో గుండు. "పాలమీది మీగడ పిల్లి తిన్నదంటది, పిల్లి మూతికి పాన్ మరక ఎట్లొచ్చె!" ఢాం. "కొడుకొస్తె మోకాళ్ల నొప్పి, కోడలొస్తె నడుం నొప్పి, కల్లుముంత ఒస్తె ఏ నొప్పీ లేకపాయె!" ఢాం, ఢాం. చెయ్యి దానంతటదే పోయేది. మొదటిసారి ఆ పాడేవాడి గొంతు వచ్చి నా పాటలో కలిసినరోజు నాకు కన్నీళ్లు వచ్చాయి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

మా అత్త నిజంగా అంత చెడ్డదా అంటే కాదు. ఆమెది ఇచ్చోడ వైపు. బొగ్గుబావిలో పనిచేసే మా మామను చేసుకుని ఈ కాలనీకి వచ్చింది, ఆయన పోయాక కూడా ఇక్కడే మా దగ్గర ఉంది. ఇప్పుడు మా ఆయనదీ ఆ బావిలోనే పని. అత్తకు మీగడ, పాన్, కల్లు మూడూ ఇష్టమే, అందులో అబద్ధం లేదు. అంతకన్నా ఇష్టం సాయంత్రం వాటర్ ట్యాంకు కింద కూర్చోవడం. ఎండ తగ్గగానే కాలనీ ఆడవాళ్లంతా అక్కడ చేరతారు. కింద కూర్చుంటే లేవలేదని ఆమె ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీ నేను తీసుకుపోయి వేసేదాన్ని. ఆ కుర్చీలో కూర్చుంటే ఆమెను మించిన మాటకారి లేదు. ఎవరి పిల్లకు ఏ సంబంధం, ఎవరి కూరలో ఏం తక్కువ, అన్నీ ఆమె తేల్చాల్సిందే. రోజంతా ఆ సాయంత్రం కోసమే బతికేది.

పోయిన ఏడాది నుంచి ఆమెకు ఒక ఇబ్బంది వచ్చింది. నిద్రలో పరుపు తడిసిపోతోంది. మొదటిసారి తెల్లారి నేను చూసినప్పుడు ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. అటు తిరిగే, "నా కొడుక్కు చెప్పకు" అంది. అంతే. నేను చెప్పలేదు. మా ఆయన డ్యూటీకి పోయాకే పరుపు పెరట్లోకి తీసేదాన్ని, ముందు దుప్పటి అడ్డం కట్టేదాన్ని. పక్క క్వార్టర్ అక్క గోడమీంచి, "మల్ల పరుపు ఎండేసినవేందే?" అంటే, "కూజా ఒలికిందక్కా" అనేదాన్ని. ఆ కూజా ఎన్నిసార్లు ఒలికిందో నాకే లెక్కలేదు. ఒకే ఇంట్లో ఉన్న మొగుడికి తెలియకుండా ఇంత పెద్ద సంగతి దాచానని లోపల గర్వంగా కూడా ఉండేది.

ఇంతలో ఆ ఆట రెండో భాగం వచ్చింది. తమ్ముడు అక్కడినుంచే దాన్ని కంప్యూటర్లోకి దింపేలా చేశాడు. ఆడినవాళ్లందరూ దానిమీద ఏదో ఒకటి అంటున్నారు. మొదటిది నిప్పు, ఇది బూడిద అని ఒకరు. తుపాకులు ఎక్కువయ్యాయి, పాటలు చల్లబడ్డాయి అని ఇంకొకరు. పెద్ద రాక్షసుడు కొట్లాడేదానికన్నా ముచ్చట్లు చెప్పేదే ఎక్కువని కొందరు. నాకు మాత్రం తెగ నచ్చింది. మొదటి భాగం నూర్పిడి మిషన్‌లా దడదడలాడేది, ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. ఇది నాట్ల నడక. ఒంగి, గుచ్చి, లేవడానికి సందు ఇస్తుంది. వాళ్లకు చల్లగా అనిపించిన చోటే నాకు ఇంకో నాలుగు మాటలు పట్టేవి.

ఖతర్‌లో తమ్ముడి రూములో ఉండే జమ్మికుంట ఆయన ఆటల మీద తెలుగులో చిన్న ఛానల్ నడుపుతాడు. రెండో భాగం ఆడినవాళ్ల రియాక్షన్లు పోగుచేస్తున్నాడట. "మా అక్కది గూడ పెడ్దాం" అని ఆయనతో అన్నాడట తమ్ముడు. నాకు ఫోన్ చేసి చెప్పాడు. "నీకేమనిపిచ్చిందో చెప్పి పంపు. జర ఆడింది గూడ రికార్డ్ జెయ్యి, ఊకె మాటలు ఎవ్వలింటరు?"

నేను గొంతు సవరించుకుని, వార్తలు చదివేవాళ్లలా, రెండవ భాగంలోని సంగీతం మిక్కిలి వినసొంపుగా ఉన్నది అని మొదలుపెట్టి ఏదో చెప్పాను. తర్వాత మధ్యాహ్నం, మా ఆయన ఫస్ట్ షిఫ్టులో ఉండగా, అత్త తిని ముందుగదిలో పడుకున్నాక ఆట రికార్డు పెట్టి ఆడాను. తెరమీద కనిపించేదే ఎక్కుతుందనుకున్నాను. నా నోరు కూడా ఎక్కుతుందన్న ఆలోచన రాలేదు. రెండూ కలిపి పంపించాను, తిరిగి వినలేదు.

ఆ ఛానల్ ఆయన నా మిక్కిలి వినసొంపును తీసి పారేశాడు. పాటను ఉంచాడు. తమ్ముడు నవ్వాపుకోలేక ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు ఫేమస్ అయినవ్." కింద జనం రాసినవి చూశాను. 'గేమ్ కన్న అక్కనే మంచిగుంది.' 'మా అత్తను గూడ మూడో పార్ట్‌ల పెట్టుండ్రి.' 'గీ అక్క పాట లోపల్నే ఇస్తె రెండో భాగం హిట్టయ్యేది.' నేను పాన్ మరక దాకా విని, ఆపి, ఆ మాటలు చదువుకుని, మళ్లీ మొదటినుంచి పెట్టుకుని పాన్ మరక దాకా విన్నాను. పొయ్యిమీద అన్నం అడుగంటింది. నా జన్మలో నా నోటిని అంతమంది మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆగలేక పక్క క్వార్టర్ అక్కకు నా చేత్తో నేనే పంపించాను. 'చూడక్కా, మీ చెల్లె ఎంత పేరు తెచ్చుకున్నదో' అని కూడా రాశాను.

మర్నాడు సాయంత్రం నేను కుర్చీ వేసి వచ్చి, రొట్టెలు చేస్తుంటే అత్త తొందరగా తిరిగొచ్చింది. ఒంట్లో బాగా లేదంది. చీకటి పడ్డాక చూస్తే ట్యాంకు కింద ఆమె కుర్చీ ఒక్కటే ఉంది, పోయి తెచ్చాను. ఆ తర్వాతి సాయంత్రం నేను కుర్చీ ఎత్తితే, "పెట్టు, కాళ్లు గుంజుతున్నయ్" అంది. ఇంకో సాయంత్రం తలనొప్పి. ఇంకోనాడు ఏ కారణమూ చెప్పలేదు. మాట కూడా తగ్గింది. నేను ఒక మాత్ర ఇచ్చాను. తెలివితక్కువదాన్ని, మాత్ర ఇచ్చాను.

పక్క క్వార్టర్ అక్క పాలలోకి తోడు అడగడానికి వచ్చింది. గిన్నె చేతిలో పట్టుకుని, గొంతు తగ్గించి, "చెల్లె, ఒకటడుగుత, ఏమనుకోకు. పరుపు సంగతి నిజమేనా? నువ్వు కూజా ఒలికిందంటుంటివి" అంది.

"ఏ పరుపు?" అన్నాను.

"నువ్వే పాడితివి గదనే."

తోడు వేయకుండానే వెనకగదిలోకి పోయి ఫోన్లో ఆ వీడియో పెట్టాను. పాన్ మరక అయింది. కల్లుముంత అయింది. చివర్లో రాక్షసులు గుంపుగా మీదపడే చోటు ఉంది, అక్కడ నోటికి ఏది వస్తే అది అందుకుంటాను. అక్కడ ఉంది, నా గొంతే, ఎంత చక్కగా తాళంలో ఉందో. "పొద్దుగాల పరుపు ఎండేస్త, పొద్దుమీకి ఆరవెడ్త, తెల్లారెవరకు మల్ల తడుపుతది మా అత్త!" ఢాం, ఢాం, ఢాం. పాడేవాడి గొంతు కూడా వచ్చి కలిసింది. నేల చీలితే అందులోకి దూరిపోదును.

అక్క గుమ్మం దగ్గరే ఉంది. అడగకముందే చెప్పింది. "నేను ఒక్కామెకే పంపిన చెల్లె. ఆమె గా ట్యాంకు కాడ అందరికి పెట్టింది. మీ అత్త గూడ ఇన్నది. మొదలు మస్తు నవ్వింది. 'గిది మా కోడలు గొంతు' అని అందరికి చెప్పింది. గా పరుపు మాట రాంగనే లేసి ఎల్లిపోయింది."

పెదవి దాటితే పృథివి దాటుతుందని మా అవ్వ అంటుండేది. తమ్ముడికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు విన్నంతసేపు విని, "తీసేపిస్తక్కా. కని శానమంది దించుకున్నరు" అన్నాడు. తర్వాత మెల్లగా, "పంపింది నువ్వే గదక్కా" అన్నాడు. సాయంత్రానికి వీడియో తీసేశారు. కాలనీ ఫోన్లలోంచి ఎవరు తీస్తారు?

మర్నాడు మధ్యాహ్నం ఆ ఆటనే కంప్యూటర్లోంచి తీసేద్దామని కూర్చున్నాను. ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు కోసం బ్లాస్టింగ్ చేస్తే కిటికీలు గలగలమన్నాయి. తలతిప్పితే అత్త కర్ర పట్టుకుని గుమ్మంలో ఉంది. వచ్చి నా పక్కన మంచం అంచున కూర్చుంది.

"తీసేస్తున్నవా?"

"ఔ అత్తమ్మా."

"తీసేద్దువు తియ్యి. ఒక్కసారి పెట్టు, చూస్త."

పెట్టాను. ఆమె తెరనే చూస్తూ, "నువ్వు పాడుడు నాకు కొత్త గాదు. ఎప్పటిసందో ఇంటున్న" అంది. "పండుకున్నట్టు పండుకుని ఇంటుంటి. పిల్లి మూతి కాడ నవ్వొస్తె కొంగు అడ్డం పెట్టుకుంటుంటి. మేం గూడ పత్తి ఏరంగ మా అత్తను పాడినం."

"పరుపు మాట గూడ ఇన్నవా?" అన్నాను.

"ఇన్న. ఇంట్లనే గదా, అని ఊకున్న."

ఆ ఊకున్న అన్న మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె నా నోటిని మడిలో వదిలేసినట్టు వదిలేసింది. గట్టు దాటించింది నేను. అది కూడా పదిమంది మెచ్చుకున్నారన్న మురిపెంతో. పాటలో అత్త ఎవరి అత్తా కాకూడదన్నది చిన్నప్పుడే నేర్చుకున్న ముక్క. మీగడ తినే అత్తలు ఊరంతా ఉంటారు. తడిసిన పరుపు మాత్రం ఆమె ఒక్కదానిదే, అది ఆమె నా చేతిలో పెట్టిన మాట.

తెరమీదికి రాక్షసులు వచ్చారు. కొమ్ములవాళ్లు, రెక్కలవాళ్లు, పాకేవాళ్లు. అత్త ముందుకు వంగి కళ్లు చికిలించింది.

"ఇండ్ల నేనేదే?" అంది.

"ఎవ్వరు నువ్వు గాదు అత్తమ్మా. ఊకెనే పాడిన. నువ్వు లేవు ఇండ్ల."

"ఊరందరికి కనవడ్డ," అంది. "నీకే కనవడ్తలేనా?"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఆడు అంది. ఆడాను, నోరు మూసుకుని. ఒక్క గుండూ తాళంలో పడలేదు. వాయిద్యాలు ఒక్కొక్కటే తప్పుకుని డప్పు మిగిలింది, కాసేపటికి అదీ పోయింది. "నోరు మూస్తె నీతోని గాదు" అంది అత్త, అందులో వెక్కిరింపు కూడా లేదు. నేను ఆమె కాళ్లు పట్టుకున్నాను. "తప్పైంది అత్తమ్మా. పొద్దుమీకి ట్యాంకు కాడికి పోదాం. గదంత నేను కల్పిచ్చి పాడిన అని అందరి ముంగట చెప్త. నువ్వు నా పక్కన ఉండు."

ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. "నేను రాను. నువ్వు పో. పోయి నా కుర్సీల కూసో."

ఆ సాయంత్రం ఎర్ర కుర్చీ తీసుకుని పోయాను. అందరూ ఉన్నారు. పక్క క్వార్టర్ అక్క, "రా చెల్లె, కూసో" అంది. ఎప్పుడూ అత్త కుర్చీ ఉండేచోటే వేసుకుని కూర్చున్నాను. ఏం చెప్పాలో దారిపొడుగునా కట్టుకుంటూ పోయాను. పాట కోసం అన్నాను, తాళం కుదరక అన్నాను, మా ఇంట్లో నిజంగానే కూజా ఒలుకుతుంది. ఎవరైనా అడిగితే అందామని చూశాను.

ఎవరూ అడగలేదు. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయన్న మాటలు నడిచాయి. చింతపండు ధర మాట వచ్చింది. నా పక్కనున్న ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూనే తన పీటను కొంచెం అవతలికి జరుపుకుంది, జరుపుకున్నానని ఆమెకే తెలియనట్టు. ఎదురుగా ఉన్న ఆమె చూపు కుర్చీ మీద పడింది. నేను కూర్చున్న చోట, సరిగ్గా అక్కడ, ఒక్క క్షణం ఆగి మళ్లీ నా మొహం మీదికి వచ్చింది. నేను కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాను. నా చీర పొడిగానే ఉంది. అయినా నా చెయ్యి వెనక్కి పోయి తడిమి చూసుకుంది. ఎవరో ఒకామె కొత్తిమీర తుంచుతూ సన్నగా రాగం తీసింది. నా రాగమే. పక్కామె మోచేత్తో పొడిస్తే ఆపేసింది. అందరూ నన్ను చూసి చల్లగా నవ్వారు. మంచివాళ్లే, ఒక్కరు కూడా ఒక్క చెడ్డమాట అనలేదు. ఊరంత నోరున్న నాకు అక్కడ ఒక్క మాట దొరకలేదు. చీకటి పడేదాకా కూర్చుని కుర్చీ ఎత్తుకుని వచ్చేశాను.

అత్త దీపం వేసుకోకుండా మంచం మీద కూర్చుని ఉంది. నేను కుర్చీని గోడకు ఆనించిన చప్పుడు విని అడిగింది.

"ఏమన్నరు?"

"ఏమనలే అత్తమ్మా."

"నన్ను గూడ ఏమనలే," అంది.